డ్రైవర్ల గదిలో మటన్ కూర

నా చిన్నప్పుడు హైదరాబాద్–విజయవాడ రోడ్డు ఇంకా ఇంత వెడల్పు కాలేదు. సూర్యాపేటకు కాస్త ఇవతల, కోదాడ వైపు, ఆ రోడ్డు పక్కనే మా హోటల్ ఉండేది. మా తాతయ్య, నాయనమ్మ కలిసి రేకుల షెడ్డులో ఇడ్లీలు అమ్ముతూ మొదలుపెట్టిన హోటల్ అది. మా నాన్న వంట చూసుకునేవాడు. మా ఇంటికీ, నాన్న అన్న ఇంటికీ అన్నం పెట్టేది అదొక్కటే. తాతయ్య పోయాక గల్లా దగ్గరి కుర్చీలో మా పెదనాన్న కూర్చున్నాడు. మా దరిద్రం అక్కడ మొదలైంది.

పెదనాన్న హైదరాబాదులో ఏదో లీడర్‌షిప్ క్లాసుకు పోయి వచ్చాడు. అక్కడ చప్పట్లు కొట్టించి, మెడకో టై కట్టించి పంపినట్టున్నారు. తిరిగి వచ్చాక మనిషి మనిషిలా మాట్లాడటం మానేశాడు. వడ్డించేవాళ్ళు ‘టీమ్’ అయ్యారు, హోటల్ ‘బ్రాండ్’ అయింది, తను ‘లీడర్’ అయ్యాడు. గల్లా వెనక గోడకు సింహం బొమ్మ వేలాడదీశాడు. పొద్దున్నే అందరినీ వరసగా నిలబెట్టి చప్పట్లు కొట్టిస్తుంటే అవతల పొయ్యి మీద సాంబారు అడుగంటేది. నాయనమ్మ నేతచీర కట్టుకుని గల్లా దగ్గర కూర్చుంటే హోటల్ లుక్కు పాడవుతోందని ఆమెను ఇంట్లో కూర్చోబెట్టాడు. పైన పటారం లోన లొటారం అనే మాటకు అర్థం నేను బడిలో నేర్చుకోలేదు, పెదనాన్నను చూసి నేర్చుకున్నాను.

ఇన్ని పెద్ద మాటల వెనక ఆయనకున్న తెలివి ఒక్కటే: డ్రైవర్ల గది. వంటింటి పక్కన పరదా కట్టిన చిన్న గది. మా హోటల్ ముందు బస్సు ఆపిన డ్రైవరుకు అందులో ఫ్యాను కింద మటన్ కూర, గడ్డపెరుగు, చివరికి కిళ్ళీ కూడా ఉచితం. ఆ కూరకు కోసే గొర్రెలు పాలకీడులో మా నాయనమ్మ తమ్ముళ్ళ మందలోవి. రోడ్డు మీద ఇలాంటి మర్యాద అన్ని హోటళ్ళకూ ఉండేదే, అందులో తప్పేం లేదు. కానీ ఆ కూర ఖర్చును పెదనాన్న బయట హాల్లో పిండుకునేవాడు. ప్రయాణికులకు నీళ్ళ సాంబారు, రాళ్ళలాంటి ఇడ్లీలు. నాన్న ఒకసారి నోరు విప్పితే ఒక్క మాటతో కొట్టిపారేశాడు.

“బస్సు జనమంటే మల్ల రాని మొకాలు. ఏం పెడితే ఏంది? డ్రైవర్ రోజొస్తడు, ఆయన్ని మంచిగ సూసుకుంటే సాలు. ఇన్నేండ్లల్ల ఒక్కడన్న కంప్లైంట్ ఇచ్చిండా?”

ఎవరూ ఇవ్వలేదు, నిజమే. అదే ఆయనకు గర్వకారణం. వచ్చిన ప్రతివాడికీ ఆ సంగతి చెప్పుకునేవాడు.

దిగే జనం తగ్గుతున్నారని నాన్న దిగులుపడుతుంటే నాయనమ్మ వింటూ ఉండేది. ఒకరోజు కోదాడలో చుట్టాలను చూడాలని చెప్పి నన్ను వెంటబెట్టుకుని వెళ్ళింది. చుట్టాలూ లేరు, ఏమీ లేరు. కోదాడలో మేము తిన్నగా హైదరాబాద్ పోయే బస్సెక్కాం. నాయనమ్మ కొంగు తల మీదికి లాక్కుని కిటికీ పక్కన కూర్చుంది. ఆమెను ఏ డ్రైవరూ గుర్తుపట్టే అవకాశం లేదు, హోటల్లో కనబడనిస్తే కదా.

మా హోటల్ ముందు బస్సు ఆగింది. డ్రైవరు హుషారుగా దిగి పరదా వెనక్కి వెళ్ళిపోయాడు. జనంలో ఒకరిద్దరు తప్ప ఎవరూ లేవలేదు. మా పక్క సీట్లోని విజయవాడ ఆవిడ సంచిలోంచి పులిహోర డబ్బా తీసింది. దిగబోయిన నన్ను చూసి, “వద్దమ్మా, ఇక్కడ తింటే కడుపు పాడవుద్ది. మేం నెలనెలా ఈ దారినే వెళ్తాం, ఇంటి దగ్గర్నుంచే కట్టుకొస్తాం” అంది. పేపరు ముక్కలో మాకూ పెట్టింది.

“గా హోటలాయనకు ఎన్నడన్న సెప్పినవా బిడ్డా?” అని నాయనమ్మ అడిగింది.

“చెప్పడం దేనికండీ? దిగడం మానేశాం, అంతే.”

అప్పుడే పెదనాన్న బస్సు రేకు మీద దబదబా బాదుతూ, టిఫిన్, భోజనం అని అరుస్తూ వచ్చాడు. కిటికీలో కన్నతల్లి తన హోటల్ ముందే కూర్చుని పరాయి వాళ్ళ పులిహోర తింటోంది. ఆయన బాదడం ఆపేశాడు.

“అమ్మా! నువ్వేంది గీడ? నలుగురు సూస్తున్నరు, దిగు. లోపటికి రా, మటన్ కూర పెట్టిస్త.”

“ఆ కూర బయటికి తే. గీళ్ళందరికి పెట్టు. అప్పుడు దిగుత.”

తెస్తాడా? తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు అనే రకం. అటూ ఇటూ చూసి నవ్వు పులుముకుని, ముసలామెకు మతి సరిగా లేదన్నట్టు పక్క కిటికీ వాళ్ళకు చేత్తో సైగ చేశాడు. తల్లి గురించి! ఆ సైగను నేను ఇప్పటికీ క్షమించలేదు, క్షమించను. నాయనమ్మ దిగలేదు. బస్సు మమ్మల్ని సూర్యాపేటకు తీసుకుపోయింది. అక్కణ్ణుంచి ఆటోలో తిరిగి వస్తూ ఆమె ఏడ్చింది. “మనది ఖతమైందే బిడ్డా. తిట్టేటోళ్ళు గూడ లేరు మనకు” అంది. తిట్టేవాళ్ళు లేకపోతే మంచిదే కదా అని అప్పుడు నాకు అనిపించింది.

మా లీడరు ఊరుకుంటాడా? మర్నాడే మీటింగు పెట్టాడు. లోపం ‘ఇమేజ్’లో ఉందని తేల్చాడు. రంగుల లైట్ల బోర్డు పెట్టించాడు. సాంబారు మాత్రం అలాగే ఉంది. ఆ తర్వాత రోడ్డు వెడల్పయి కొత్త హోటళ్ళు వచ్చాయి. డ్రైవరు కూర మీద ఆశతో బండి నెమ్మది చేసినా, వెనక సీట్లలోంచి జనం ఇక్కడ ఆపొద్దని అరిచేవారట. ఎంత కూర పెట్టినా చివరికి డ్రైవర్లు కూడా రావడం మానేశారు. హోటల్ మూతపడింది. నాన్న మిర్యాలగూడలో పరాయి వాళ్ళ హోటల్లో గరిటె పట్టుకున్నాడు. నాయనమ్మ ఆ రోడ్డు మీదుగా మళ్ళీ ప్రయాణం చేయనే లేదు. పెదనాన్న ఏం చేస్తున్నాడంటారా? కాలేజీలకు పోయి, పదికాలాలు నిలిచే వ్యాపారం ఎలా చేయాలో పిల్లలకు ఉపన్యాసాలిస్తున్నాడు. వాళ్ళు చప్పట్లు కూడా కొడుతున్నారు.

మిర్యాలగూడలో రైసు మిల్లుల దగ్గర నాకిప్పుడు చిన్న మెస్సుంది. పప్పులో ఉప్పెక్కువైందని కంచం ముందే నన్ను దులిపేసే హమాలీలు ఉన్నారు. వాళ్ళకు ఇంకో గరిటె నెయ్యి వేస్తాను, ఎందుకంటే వాళ్ళు రేపు వస్తారు. ఏమీ అనకుండా, సగం అన్నం వదిలి, చేయి కడుక్కుని వెళ్ళిపోయేవాళ్ళను చూస్తే మాత్రం పని వదిలేసి వాళ్ళ వెంట రోడ్డు దాకా వెళ్ళి, ఏం బాగోలేదో చెప్పి పొమ్మని బతిమాలుతాను.