ఓనరమ్మగారి మెట్లు

ఓనరమ్మగారు పోయారని మొన్న పొద్దున్న కింది వాటాలో అద్దెకుండే ఆయన ఫోన్ చేసి చెప్పారు. మా ఊరి ఫరంపేటలో ఆవిడ కట్టించిన మూడంతస్తుల అద్దె ఇంటికి ప్లాను గీసిన ఇంజినీర్ని నేను. ఇలాంటప్పుడు నాలుగు మంచి మాటలు రాయడం మర్యాద. కానీ ఆవిడకీ నాకూ ఆరేళ్లుగా మాటల్లేవు. అందుకని ఉన్నదే రాస్తాను.

మనిషి మహా మొండి. మొదటి ప్లాను పట్టుకెళితే కళ్లజోడు పెట్టుకుని చూసి, లాడ్జీలా ఉంది, ఇల్లులా లేదు అని తిప్పికొట్టారు. అలా ఏడుసార్లు. ప్రతి గుమ్మం పక్కనా ఇద్దరు కూర్చునేంత అరుగు కావాలన్నారు. ప్రతి గదిలో గోడకి ఒక చెక్క పట్టీ బిగించాలన్నారు, దేవుడి పటమో, శిలువో, పోయినవాళ్ల ఫొటోనో ఎవరికి కావలసింది వాళ్లు మేకు కొట్టి తగిలించుకోవడానికి. మేకు కొట్టాలన్నా ఓనరు మొహం చూడాల్సిన ఇళ్లలో ముప్ఫయ్యేళ్లు కాపురం చేశానని, అదొక బిరుదులా చెప్పేవారు.

మెట్ల దగ్గర గొడవ ముదిరింది. ప్రతి అంతస్తులో మెట్లు మలుపు తిరిగే చోట ఐదడుగుల ఖాళీ ఉండి తీరాలన్నారు. అద్దె ఇంటికి అంత చోటు దండగన్నాను. అప్పుడు చెప్పారు. ఆవిడ భర్త కాకినాడ ఆసుపత్రిలో పోతే, వాళ్లు అద్దెకున్న ఇంటి ఓనరు గేటుకి తాళం వేశాడట. శవం లోపలికొస్తే ఆ వాటాలోకి ఇంకెవరూ దిగరన్నాడట. వానలో, రోడ్డు మీద, షామియానా కింద ఉంచారట ఆయన్ని.

"నా ఇంట్లో ఉన్నోళ్లు ఎవరు పోయినా ఆళ్ల గదిలోకే తేవాలండి. బతికున్నన్నాళ్లూ ఇల్లు, పోయాక రోడ్డూ అంటే అది ఇల్లెలాగవుద్ది?"

నేను తలూపాను. ఊపి, ఆవిడకి చెప్పకుండా ప్రతి అంతస్తులో వంటింటి గోడ అడుగున్నర ముందుకి జరిపించి మలుపు దగ్గర ఖాళీ కోసేశాను. వంటిల్లు పెద్దదైతే అద్దెకొచ్చేవాళ్లు మెచ్చుకుంటారు, చావు కోసం మెట్లు ఎవరు కడతారు అని నా పొగరు.

గోడలు లేచాక ఒక మధ్యాహ్నం కబురు పెట్టారు. వెళ్లేసరికి పై అంతస్తులో నవారు మంచం మీద, కుచ్చిళ్లు సర్దుకుని వెల్లకిలా పడుకుని ఉన్నారు. నలుగురు కూలీలని ఎత్తి కిందికి దింపమన్నారు. మలుపు దగ్గర మంచం కోడు గోడకి కొట్టుకుని ఆగిపోయింది. ముందుకీ పోదు, వెనక్కీ రాదు. ఆవిడ లేవలేదు.

"నన్ను నిలబెట్టి దింపుతారాండి, ఇంజినీరు గారూ?" అని అడిగారు.

మేస్త్రి నవ్వాడు. ఆ నవ్వు నేను మర్చిపోలేదు. వంటింటి గోడలన్నీ పగలగొట్టించి మళ్లీ కట్టించారు. అంతటితో ఊరుకోలేదు. నాతో పని చేయించుకునేవాళ్లు కొలిచే టేపు తమ దగ్గరే పెట్టుకోవాలని అవతలి పేట అగ్రహారం దాకా చాటారు. గృహప్రవేశానికి పిలిచారు, నేను వెళ్లలేదు. బజార్లో ఎదురైతే పక్క వీధిలోకి తిరిగిపోయేవాణ్ని. వెనకనుంచి "బావున్నారాండి" అని గట్టిగా వినబడేది. అది పలకరింపో వెటకారమో నాకిప్పటికీ తెలియదు.

మొన్న ప్రేమతో వెళ్లలేదు. వెళ్లకపోతే బాగుండదని వెళ్లాను. ఆసుపత్రి నుంచి ఫ్రీజర్ పెట్టెలోనే తెచ్చి పార్కింగులో దింపారు. ఆవిడ ఉండేది పై వాటాలో. ఆవిడ తమ్ముడు ఇక్కడే ఉంచేద్దామంటున్నాడు, ఏడడుగుల పెట్టె ఆ మెట్ల మీద తిరగదట. అద్దెకున్నవాళ్లు ఒప్పుకోవడం లేదు. కట్టినాయన వచ్చాడుగా, ఆయన్నే అడగండి అన్నారెవరో. అందరూ నా వైపు చూశారు.

తిరగదని ఒక్క మాట అంటే చాలు. ఆరేళ్ల కక్ష తీరిపోతుంది. ఆ ఆలోచన నాకు వచ్చింది, దాచను.

"తిరుగుద్దండి," అన్నాను. "ఆవిడ కొలిచారు."

ఆరుగురు ఎత్తారు. నేను ముందు నడిచాను. మలుపు దగ్గర పెట్టె మూల గోడకి తగలకుండా నా అరచెయ్యి అడ్డం పెట్టాను. పెట్టె మెల్లగా తిరిగి పైకి వెళ్లిపోయింది. నా చేతికి ఏమీ తగల్లేదు. చెయ్యి అలాగే గోడకి ఆనించి చాలాసేపు నిలబడ్డాను.