పాలేరు వంతు జున్ను

మొన్న ఆదివారం ఆరాధన ముగించుకుని ఇంటికి వచ్చేసరికి మా మనవరాలు షాంటిలీలోని ఇండియన్ స్టోర్‌లో కొన్న జున్ను పొడి పొట్లం చింపి, పాలలో కలిపి, మైక్రోవేవ్‌లో పెట్టి, నేను బూట్లు విప్పుకునేలోగా గిన్నెను బల్లమీదికి తెచ్చేసింది. చూడటానికి అచ్చం జున్నే, తెల్లగా వణుకుతూ, పైన మిరియాల పొడితో సహా. ఆవు లేకుండా, దూడ లేకుండా, ఈనిన ఇంటివాళ్ళు కబురు చేయకుండా జున్ను వచ్చిందంటే మన తరంవాళ్ళకు నవ్వు వస్తుంది. చెంచా చేతిలో పట్టుకుని అలాగే కూర్చుండిపోయిన నాకు, తెల్లచీర కట్టుకుని కట్టెల పొయ్యి ముందు నిలబడిన మా మేనత్త కళ్ళముందు కదిలింది.

కంప్యూటర్లకు రెండువేల సంవత్సరంలో గండం ఉందని కంపెనీలన్నీ కంగారుపడి మమ్మల్ని పిలిపించుకున్న రోజుల్లో నేను ఈ ఊరు వచ్చాను. ఇంట్లోంచి కారులోకి, కారులోంచి ఆఫీసులోకి, మళ్ళీ కారులోకి, కాలికి మట్టి అంటని బతుకు. అలాంటి రోజుల్లో మా అమ్మాయి బడిపిల్లలతో పాటు తోడుగా రమ్మంటే, ఊరికి కాస్త ఎడంగా పార్కులో ఉన్న ఒక పాత పొలానికి వెళ్ళాను. నూరేళ్ళ కిందట ఆ ప్రాంతంలో రైతు బతుకు ఎలా ఉండేదో పిల్లలకు చూపించడానికి ఇల్లు, కొట్టం, గాదె, పశువులు అన్నీ ఆనాటిలాగే నడిపించేవాళ్ళు. కొట్టంలో అడుగుపెట్టగానే ఎండుగడ్డి వాసన, పేడ వాసన కలిసి ముక్కుకు తగిలాయి. మిగతా తల్లిదండ్రులు ముక్కులు మూసుకుంటే నేను మాత్రం గుండెనిండా పీల్చుకున్నాను. ఆ పొలాన్ని చూసుకునే పెద్దావిడ అది గమనించి, శనివారాలు వచ్చి పని చేస్తావా అని అడిగింది. ఊరికే చేసే పనే, జీతం లేదు. మరుసటి శనివారం నుంచి నేను గడ్డి టోపీ, భుజాలమీదుగా పట్టీలున్న లాగు వేసుకుని, చేతి గడియారం కారులో వదిలేసి, ఆ ఇంటి పాలేరునయ్యాను.

ఆ కాలపు పాలేరు దినచర్య ఆవిడ నాకు ఓపికగా నేర్పింది. తెల్లవారకముందే లాంతరు పట్టుకుని కొట్టంలోకి వెళ్ళి పశువులకు మేత వేయాలి, పాలు పితకాలి, పేడ ఎత్తాలి, గుర్రాలను రుద్ది శుభ్రం చేయాలి. ఆ తరువాతే మొక్కజొన్న జావో, ఉప్పులో ఊరిన మాంసం ముక్కతో రొట్టో తినడం. ఎండాకాలమైతే మొక్కజొన్న చేలో కలుపు, గడ్డి కోత, చలికాలమైతే కట్టెలు కొట్టడం, కంకులు ఒలవడం, విరిగిన కంచెలు బాగుచేయడం. మధ్యాహ్నం ఇంటావిడ గంట కొడితేనే పొలంలోంచి రావాలి. సాయంత్రం మళ్ళీ పాలు, మళ్ళీ మేత, ఆ పైన వంటింటి అటకమీద పడక. ఆదివారం మాత్రం పశువుల పని అయ్యాక ఉతికిన చొక్కా వేసుకుని దేవుని మందిరంలో చివరి బల్లమీద కూర్చునేవాడట. చిన్నప్పటి నుంచి సంఘంలో చివరి బల్ల నాకు అలవాటే కాబట్టి ఆ మాట వినగానే ఆ పాలేరు నాకు చుట్టమైపోయాడు. మరి అన్నం ఎక్కడ తినేవాడు అని అడిగితే ఆవిడ, తెల్లవాడైతే యజమానితో పాటు బల్లదగ్గర, నల్లవాడైతే వంటింటి వెనక మెట్టుమీద అని, దాచకుండా చెప్పింది.

నేను ఆ ప్రశ్న ఊరికే అడగలేదు. మా ముత్తాత, అంటే మా మేనత్తకు తాత, సరిగ్గా ఆ సంవత్సరాల్లోనే పల్నాటిలో ఒక కామందు ఇంట్లో పాలేరు. పశువులతో పాటే కొట్టంలో పడుకున్నవాడు. సువార్త విని, నమ్మి, బాప్తిస్మం పొంది, తనకు అక్షరం రాకపోయినా కొడుకును మిషను బడికి పంపినవాడు. ఆయన కొడుకు ఉపాధ్యాయుడయ్యాడు, మనవరాలు మిషను బాలికల పాఠశాలలో పెద్ద పంతులమ్మ అయింది. చిన్నతనంలోనే తల్లి పోయిన నన్ను ఆ మేనత్తే పెంచింది. పెళ్ళి చేసుకోలేదు. ఆవిడ చదివించబట్టే నేను చదివాను, ఆవిడ మోకాళ్ళమీద ప్రార్థించబట్టే ఈ దేశం చూశాను.

అటువంటి మేనత్త విజిటర్ వీసామీద ఆరునెలలు ఉండటానికి వచ్చి, శనివారం పొద్దున నన్ను గడ్డి టోపీతో చూసింది. సంగతి విని మొహం తిప్పుకుంది. మన ప్రభువే పశువుల పాకలో పుట్టాడు కదా అత్తా అని నేను వాక్యం ఎత్తబోతే వెంటనే అందుకుంది.

"పాకలో పుట్టాడు గానీ పాకలోనే ఉండిపోలేదురా. మా తాత ఆ కొట్టంలోంచి బయటపడటానికి ఎంత ఏడ్చాడో నీకేం తెలుసు? నువ్వు విమానమెక్కొచ్చి మరీ అందులో దూరావు, పాలేరా!"

అప్పటినుంచి శనివారాలు నన్ను పేరు పెట్టి పిలవలేదు. పాలేరా అనే పిలుపు. అంతటితో ఆగినా బాగుండేది. రాత్రి కుటుంబ ప్రార్థనలో అందరినీ పేరు పేరునా దేవుని చేతికి అప్పగించి, నా దగ్గరకు వచ్చేసరికి, "ప్రభువా, పెంటకుప్పమీద నుంచి మమ్మల్ని లేవనెత్తినవాడివి, మళ్ళీ పెంట ఎత్తడానికి పోయేవాడి కళ్ళు తెరువు" అని గట్టిగా ప్రార్థించేది. మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళు తిట్టదలచుకుంటే ప్రార్థనలోనే తిడతారని మీకు తెలుసు కదా, దానికి ఎదురు చెప్పడానికి ఉండదు, ఆమేన్ అనాలి. నేను ఆమేన్ అనేవాణ్ణి. మా ఆవిడ మాత్రం కళ్ళు మూసుకునే నవ్వు ఆపుకునేది.

మేనత్త తిరిగి వెళ్ళే వారం దగ్గరపడింది. డెబ్భై దాటిన మనిషి, మళ్ళీ వస్తుందన్న ఆశ లేదు. నన్ను కన్నకొడుకులా పెంచిన మనిషి మనసులో ఆ ముల్లు పెట్టుకుని విమానమెక్కడం నాకు భరించరానిదైపోయింది. ఆ శనివారమే ఆఖరుసారి అని చెప్పి మానేద్దామని నిశ్చయించుకున్నాను. ఇంట్లో చెప్పలేదు, మా ఆవిడకు తప్ప.

అయితే అదే రోజుల్లో ఆ పొలంలో జెర్సీ ఆవు ఈనడానికి సిద్ధంగా ఉంది. ఆ సంగతి నోరుజారి మన సంఘంలో చెప్పడం నా పొరపాటే. తెలుగువాళ్ళ చెవిలో ఆవు ఈనుతుందన్న మాట పడ్డాక ఇంక ఆగుతుందా? ఇంటికి ఫోన్లమీద ఫోన్లు. "బ్రదర్, ప్రైజ్ ద లార్డ్. ఆవు డెలివరీ ఎప్పుడు? మాకు ఒక్క గ్యాలన్ రిజర్వ్ చేయండి" అని ఒకరు, "అన్నా, మా ఆవిడ ప్రెగ్నెంట్, జున్ను కావాలని క్రేవింగ్" అని ఇంకొకరు. పాస్టరుగారు కూడా ఆవు సుఖప్రసవం కోసం ప్రార్థిస్తున్నామని చెప్పి, చివర్లో, వీలైతే ఒక చిన్న గిన్నె అన్నారు. మా మేనత్త ఒక్కతే ఆ గోల విని లేచి గదిలోకి వెళ్ళిపోయింది. ఆవిడ జన్మలో జున్ను ముట్టలేదు. మా ఇంట్లో ఎప్పుడూ వండలేదు, ఎవరైనా పంపినా తిప్పి పంపేది. ఒంటికి పడదేమో అనుకునేవాళ్ళం. నేను మాత్రం స్నేహితుల ఇళ్ళల్లో దొంగతనంగా తినేవాణ్ణి.

ఆ శనివారం మధ్యాహ్నానికి ఆవు ఈనింది. నేను చేసిన ఘనకార్యమేమీ లేదు, పెద్దావిడ పట్టుకోమన్నచోట పట్టుకున్నాను, లాగమన్నప్పుడు లాగాను, దూడ గడ్డిమీద పడగానే కళ్ళు తిరిగి నేనూ పక్కనే పడ్డాను. లేచి దూడను గడ్డితో తుడిచి, తూలుతున్న దాన్ని పొదుగు దగ్గర నిలబెట్టి, అది కడుపునిండా తాగేదాకా అక్కడే కూర్చున్నాను. మానేస్తానన్న మాట పెద్దావిడతో చెప్పడానికి నోరు రాలేదు. ఇంతలో స్త్రీల కూటం నుంచి మా ఆవిడ నన్ను తీసుకెళ్ళడానికి కారులో వచ్చింది, వెనక సీటులో మేనత్త, మా అమ్మాయి. అమ్మాయి ఒక్క పరుగున కొట్టంలోకి వచ్చేసింది. మేనత్త మాత్రం కారు అద్దం కూడా దించలేదు.

పొడుగు గౌను, నడుముకు గుడ్డ, చేతులనిండా గడ్డిపోచలతో పెద్దావిడ కారు దగ్గరకు వెళ్ళి అద్దంమీద కొట్టింది. మా మేనత్త మిషను బడి ఇంగ్లీషులో, తల ఎత్తి, మా మేనల్లుణ్ణి మీరు పాలేరుగా పెట్టుకున్నారట కదా అమ్మా అని అడిగింది. ఆ మాటలోని కారం అవతలి మనిషికి తెలియలేదు. "అవునండీ, మనిషి మంచివాడే. కాకపోతే రక్తం చూస్తే పడిపోతాడు. దిగిరండి, దూడను చూద్దురు" అని తలుపు తీసింది. పిలిచిన మర్యాద కాదనలేక మేనత్త కుచ్చెళ్ళు ఎత్తిపట్టుకుని కొట్టంలోకి వచ్చింది.

అప్పటికి నేను దూడ వదిలిన పాలు పితుకుతున్నాను. పసుపుపచ్చగా, చిక్కగా, చెంబుకు అంటుకునే పాలు. ఇవి ఏం చేస్తారు అని మా ఆవిడ అడిగితే పెద్దావిడ మామూలుగా, పందులకు పోస్తాం, కావాలంటే తీసుకెళ్ళండి, ఈరోజు పని చేసింది మీ ఆయనే కదా అంది. ఇప్పుడైతే ఇలాంటివి కుదరవు గానీ అప్పుడు కుదిరింది.

"పందులకా?" అంది మా మేనత్త తెలుగులో. "మా తాత నోటికి అందనిది ఇక్కడ పందులకు పోస్తారంటరా?"

గోడకు చేరబడి, ఎన్నడూ చెప్పని మాట అప్పుడు చెప్పింది. కామందు ఇంట్లో ఆవు ఈనినప్పుడల్లా రాత్రంతా కాపలా ఉన్నది, దూడను ఒళ్ళో పెట్టుకుని తుడిచింది మా ముత్తాతే. జున్ను మాత్రం లోపలివాళ్ళకు, వాళ్ళ చుట్టాలకు. ఒకసారి జబ్బుపడి లేచిన కొడుకు అడిగితే, ఆయన వాకిట్లో నిలబడి కొంచెం పెట్టమన్నాడట. పాలేరుకి జున్ను కావాలంట అని లోపల నవ్వులు వినిపించాయట. ఖాళీ చేతులతో ఇంటికి వచ్చి, "అడుక్కుని తినేది కాదు. పిలిచి, కూర్చోబెట్టి పెట్టిన రోజున తిందాం" అన్నాడట. ఎవరూ పిలవలేదు. ఆయన తినలేదు, ఆయన కొడుకు తినలేదు, ఈవిడా తినలేదు.

మా ఆవిడ అదంతా ఇంగ్లీషులో పెద్దావిడకు చెప్పింది. ఆవిడ పాల చెంబు నా చేతిలోంచి తీసుకుని, "ఈ ఇంట్లో కూడా ఆ రోజుల్లో అందరినీ కూర్చోబెట్టలేదమ్మా. ఈరోజు కూర్చుందాం. దీన్ని ఎలా వండుతారో నాకు చెప్పండి" అని వంటింటి వైపు నడిచింది.

నూరేళ్ళనాటి ఆ వంటింట్లో బెల్లం లేదు, కూజాలో జొన్నచెరకు పాకం ఉంది, అది బెల్లానికి వరసకు తమ్ముడు. మిరియాలు ఉన్నాయి. జన్మలో జున్ను వండని మా మేనత్త, దాన్ని తిన్నదే తప్ప వండటం తెలియని మా ఆవిడ, దాని పేరే వినని పెద్దావిడ, ముగ్గురూ వాదించుకుంటూ ఇనుప కుండలో ఆవిరి పెట్టారు. చూడవచ్చిన జనం తెల్లచీర కట్టుకున్న మా మేనత్త కూడా ప్రదర్శనలో భాగమనుకుని గుమ్మం దగ్గర నిలబడి చూస్తుంటే, ఆవిడ పంతులమ్మ గొంతుతో "స్టాండ్ ఇన్ ఎ లైన్" అంది, వాళ్ళు నిలబడ్డారు కూడా. జున్ను పాకం రంగులో, ఒకపక్క గట్టిగా, ఒకపక్క జారుగా వచ్చింది.

బల్లచుట్టూ అందరం కూర్చున్నాం. మా మేనత్త ప్రార్థన చేసింది, ఆవిడ అంత చిన్న ప్రార్థన చేయడం నేనెప్పుడూ వినలేదు, మా తాత దేవా, పిలిచావు, వచ్చాం అని మాత్రమే. కష్టపడిన సేద్యగాడికే పంటలో ముందుగా వంతు దక్కాలని అపొస్తలుడు శిష్యుడికి రాసిన మాట నాకు ఆవిడే చిన్నప్పుడు నేర్పింది. గిన్నెలోంచి మొదటి ముక్క తీసి, పెద్దావిడకు కాదు, పిల్లకు కాదు, నా పళ్ళెంలో వేసింది.

"తినరా, పాలేరా" అంది. నేను తిన్నాక, తనూ ఒక చెంచా తీసుకుని, నోట్లో పెట్టుకుని, కళ్ళు మూసుకుంది. కాసేపటికి కళ్ళు తెరిచి, "ఇంతేనా? దీనికోసమా మీ సంఘమంతా ఫోన్లు చేసింది?" అని, ఇంకో చెంచా తీసుకుంది.

ఆ వారం విమానమెక్కే ముందు ఆవిడ ఇంట్లో చేసిన చివరి ప్రార్థనలో నా వంతు వచ్చేసరికి నేను అలవాటుగా తల ఇంకాస్త వంచాను. వీడి చేతిపనిని స్థిరపరచు ప్రభువా అంది, ఆఫీసు పని గురించో, పొలం పని గురించో చెప్పలేదు. నేను మానలేదు. మోకాళ్ళు మొరాయించేదాకా, పీటమీద కూర్చుంటే లేవలేని రోజు వచ్చేదాకా శనివారాలు వెళ్ళాను. మా మేనత్త ప్రభువు సన్నిధికి వెళ్ళి చాలాకాలమైంది. ఆ పెద్దావిడా లేదు. పొలం ఉంది, ఆవులూ ఉన్నాయి, కానీ మన సంఘంలో ఇప్పుడు ఆవు ఎప్పుడు ఈనుతుందని ఎవరూ ఫోన్ చేయరు. పొట్లం ఉందిగా.

ఆ రోజు నుంచి మా ఇంట్లో ఒక కట్టుబాటు, జున్ను వండినప్పుడు మొదటి ముద్ద ఎవరు కష్టపడితే వాళ్ళది. మా అమ్మాయి తన కూతురికి కూడా ఆ కథ చెప్పే ఉంటుంది. చెంచా పట్టుకుని ఆగిపోయిన నన్ను చూసి మనవరాలు గిన్నె తన వైపు లాక్కుంది.

"తాతయ్యా, వెయిట్. మిక్స్ చేసింది నేను కదా. ఐ గెట్ ఫస్ట్."

నిజమే, కట్టుబాటు కట్టుబాటే. మొదటి ముక్క దాని గిన్నెలోనే వేశాను. అది తింటుంటే, ఆ పొడిలోని పాలు ఏ దేశంలో ఏ ఆవు ఇచ్చిందో, ఆ ఆవు ఈనినప్పుడు పక్కన ఎవరు కూర్చున్నారో, వాళ్ళను ఎవరైనా బల్లదగ్గరికి పిలిచారో లేదో పొట్లంమీద ఎక్కడైనా రాశారేమోనని కళ్ళజోడు పెట్టుకుని వెతికాను. మైక్రోవేవ్‌లో ఎంతసేపు పెట్టాలో రాసి ఉంది. కళ్ళజోడు తీసి, పేరు తెలియని ఆ మనిషి కోసం తల వంచి ప్రార్థన చేసి, నా వంతు తిన్నాను.