చిప్పకూడు

నల్లగండ్లలో నాకొక కర్రీ పాయింట్ ఉంది. ఆఫీసుల నుంచి అలసి వచ్చేవాళ్లు ఇంట్లో అన్నం మాత్రం వండుకుని, కూరలు నా దగ్గర కొనుక్కుపోతారు. ఏడాదిగా ఆ కూరలు వండుతున్నది మా తమ్ముడు. బైకులు దొంగిలించి జైలుకు పోయాడు, శిక్ష పూర్తి చేసుకుని వచ్చాడు. గోంగూర పప్పు వాడిలా నేను కూడా చేయలేను, ఒప్పుకోవాలి.

వాడి సంగతి ఎలా పొక్కిందో తెలియదు. ఒక సాయంత్రం, రోజూ వచ్చే ఒకావిడ "ఇన్నాళ్లూ మాకు చిప్పకూడు పెట్టావా?" అని పప్పు ప్యాకెట్ కౌంటర్ మీదే వదిలేసి పోయింది. నా ఒళ్లు మండిపోయింది. నిన్నటిదాకా అదే పప్పు ఇంకో గరిటె వెయ్యమని గిన్నెలోకి తొంగిచూసిన మనిషి!

మర్నాడు షాపు ఓనరు వచ్చాడు. గుంటూరు వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ పెద్దమనిషి, మాట మెత్తన. నా మీద కోపమేమీ లేదన్నాడు. తమ్ముడు ఇక్కడే ఉంటే మాత్రం షాపు ఖాళీ చేయాలన్నాడు.

"జైలుకెళ్లినవాడు మారడమ్మా," అన్నాడు చివరికి.

"మారకపోతే మరి జైలెందుకు సార్? మారిండంటే ఈ భయమెందుకు? రెండిట్ల ఏదో ఒకటి చెప్పుండ్రి."

ఆయన నెలాఖరు దాకా గడువిచ్చి వెళ్లిపోయాడు. తప్పు చేస్తే శిక్ష పడాల్సిందే, నేను కాదనను. బైకు పోయినవాడి ఏడుపూ ఏడుపే. కానీ కోర్టు వేసిన శిక్ష అయిపోయింది. దాని మీద ఇంకోటి వేయడానికి వీళ్లెవరు? నాలుగు గోడల మధ్య పడేస్తే మనిషి బాగుపడతాడంటే నేను నమ్మను. మావాడు బాగుపడ్డది నా పొయ్యి దగ్గర, పొద్దున్నే లేచి కళ్లు మండుతుంటే ఉల్లిగడ్డలు తరుగుతూ.

లోపలికి వెళ్తే వాడు బట్టలు సంచిలో కుక్కుతున్నాడు. మేం మాట్లాడుకున్నదంతా విన్నాడు. ఎక్కడికిరా అన్నాను.

"జైల్ల నన్ను పో అన్నోడు లేడక్కా. బయటికొచ్చినంక అందరు పో అనేటోళ్లే."

"నేనన్ననారా?"

సంచి గుంజుకున్నాను. ఏడుపొచ్చింది, అంతకంటే ఎక్కువ కోపమొచ్చింది. వాడి ముందే ఓనరుకు ఫోన్ చేసి, నెలాఖరు దాకా ఎందుకు, రేపే ఇద్దరం కలిసి ఖాళీ చేస్తున్నామని చెప్పాను.