దర్శన్ బండి చప్పుడు

పిల్లమ్మ రాగి ముద్దకి గడియారం చూడదు. చూసినా కనపడదు, చక్కెర జబ్బు ఆమె చూపును చాలావరకు తినేసింది. పొయ్యి మీద ఎసరు మరుగుతుంటుంది, పళ్లెంలో పిండి సిద్ధంగా ఉంటుంది, ఆమె చెవి మాత్రం సందు మలుపులో ఉంటుంది. మలుపులో కటకటమని బండి చప్పుడు వినపడగానే పిండి ఎసట్లో పడుతుంది. బండి ఆగి, మనిషి కాళ్లు కడుక్కుని కూర్చునేసరికి ముద్ద కంచంలో పొగలు కక్కుతుండాలి. చల్లారిన ముద్ద పెట్టడమంటే ఆ ఇంట్లో మనిషిని అవమానించడమే.

కొడుకు దర్శన్ ఉన్నప్పుడు కుదిరిన లెక్క అది. దర్శన్ పోయి రెండేళ్లు దాటింది. లెక్క మాత్రం మారలేదు. చిక్కంతా అక్కడే వచ్చింది.

దర్శన్ ఎలక్ట్రీషియన్. వైట్‌ఫీల్డ్‌లో ఒక అపార్టుమెంటులో వైరు లాగుతూ లాగుతూ, గుండె పట్టుకుని కూర్చుండిపోయాడు. మళ్లీ లేవలేదు. భార్య అంబిక ఆసుపత్రికి పరుగెత్తింది. తోటి పనివాడొకడు, బండి అక్కడ దిక్కు లేకుండా పడి ఉండటమెందుకని, దాన్ని హూడికి తోలుకొచ్చి ఇంటి ముందు పెట్టాడు. పాపం, మంచి బుద్ధితోనే తెచ్చాడు. మలుపులో చప్పుడు విని పిల్లమ్మ ఎసట్లో పిండి పోసింది. ముద్ద చేసి కంచంలో పెట్టి, "రా నాయనా" అని పిలిచింది. గుమ్మంలో నిలబడి ఉన్నది పరాయి మనిషి. ఆ ముద్ద ఏమైందో అంబిక ఇంతవరకూ ఎవరినీ అడగలేదు.

కర్మాంతరాలు అయ్యాక బండి అంబిక చేతికి వచ్చింది. ఆమెది ఇంటింటికీ వెళ్లి పరీక్షల కోసం రక్తం తీసుకొచ్చే పని. పొద్దున హూడి, మధ్యాహ్నం వైట్‌ఫీల్డ్, సాయంత్రానికి ల్యాబులో సీసాలు అప్పజెప్పి ఇల్లు. బండి లేకపోతే ఉద్యోగం లేదు. ఆడది గేరు బండి తోలడమేమిటని సందులో కొన్ని నోళ్లు లేచాయి గానీ, ఆ నోళ్లేవీ వచ్చి ఇంట్లో పొయ్యి వెలిగించవు కదా. తోలడం నేర్పింది దర్శనే. అప్పుడేదో సరదాకి నేర్పాడు.

ఆ బండి మీద ఆమె మొదటిసారి సాయంత్రం మలుపు తిరిగినప్పుడు వంటింటి కిటికీలోంచి ఒక మాట వినపడింది.

"వచ్చినాడు."

పిల్లమ్మ తనలో తానే అనుకున్న మాట. వెంటనే ముద్ద తిప్పే కట్టె గిన్నెకి తగిలిన చప్పుడు. అంబిక బండి ఆపి, దిగకుండా చాలాసేపు అలాగే కూర్చుండిపోయింది. లోపలికి వెళ్లి, అత్తా, వచ్చింది నేనే అని చెప్పాలనుకుంది. వేడి ముద్ద ముందుకు రాగానే తల వంచుకుని తినేసింది. మర్నాడు కూడా అదే మాట. ఆ మర్నాడూ అదే. సందులో ఉండే గోధుమరంగు కుక్క కూడా చప్పుడు వినగానే లేచి, తోకాడిస్తూ బండి వెంట వచ్చేది. ఆగాక ఆమె కాళ్లు వాసన చూసి, మొహం తిప్పుకుని వెళ్లిపోయేది. కుక్కకున్న నిజాయితీ తనకు లేదని అంబికకు అనిపించేది.

ఎందుకంటే ఆమెకీ ఆ మలుపు కావాలి. ఊళ్లో ఎక్కడ తిరిగినా బండి తోలేది తనే. మలుపు తిరిగి ఇల్లు చేరే ఆ కాస్త దూరం మాత్రం తను తోలదు. గోడల మధ్య ఆ కటకట రెట్టింపై తిరిగొస్తుంటే, హ్యాండిల్ మీద చేతులు తనవి కావనిపిస్తుంది. తను వెనక కూర్చుని ఉంది. ముందు చెమట వాసనేసే నీలం చొక్కా వీపు ఉంది. లోపలి నుంచి "వచ్చినాడు" అన్న మాట వినపడేదాకా అది ఉంటుంది. అందుకే ఆమెకు భయం కూడా వేసేది, కానీ ఏ రోజూ దారి మార్చలేదు.

ఈ ఏడాది వానలు మొదలయ్యాక చప్పుడు ముదిరింది. ఎదురింటి మునినారాయణప్ప ఒక ఫ్యాక్టరీలో ఫిట్టరుగా చేసి రిటైరైన మనిషి. మోకాళ్లు పట్టేసి అరుగు మీదే కూర్చుంటాడు గానీ, ఆయన చెవులకు రిటైర్మెంటు లేదు.

"అంబికమ్మా, అది లోపలి టైమింగ్ చైను. సాగిపోయి గోడకు కొట్టుకుంటా ఉండాది. తెగిందనుకో, ఇంజను పోతాది. రోడ్డు మీద లారీల మధ్య తెగిందనుకో, ఇంజనుతో ఆగదు."

"చూస్తాను మామా" అంది అంబిక.

చూసింది కూడా. నొప్పి ఒకచోట, మందు ఒకచోట. ఒక ఆదివారం ఆయిలు మార్చింది. ఇంకో ఆదివారం వెనక చక్రం చైను బిగించింది. మరో ఆదివారం ఇంజను పైమూత కింద ఉండే ట్యాపెట్లు సరిచేసింది. చప్పుడు ఎక్కడిదో ఆమెకు తెలుసు. తెలిసే దాని చుట్టూ తిరిగింది. మునినారాయణప్పకీ ఆ సంగతి అర్థమైనట్టుంది. బండి సామాన్లు అమ్మే జేసీ రోడ్డుకు పోయే వాళ్లెవరితోనో కొత్త చైను, దాన్ని బిగువుగా పట్టి ఉంచే టెన్షనరు తెప్పించి, అరుగు మీద పక్కన పెట్టుకుని ఊరుకున్నాడు. తెగేదాకా లాగకూడదని మాత్రం అప్పుడప్పుడూ గాలికి చెప్పినట్టు చెప్పేవాడు.

ఒక శుక్రవారం పెద్ద రోడ్డు మీద, నీళ్ల ట్యాంకరు పక్కన, ఇంజను ఒక్కసారి గట్టిగా పట్టేసి వదిలింది. అంబిక బండి పక్కకు తీసి, రక్తం సీసాల పెట్టెను ఒళ్లో పెట్టుకుని ఫుట్‌పాత్ మీద కూర్చుంది. తను పోతే అత్తకు కంచం పెట్టేవాళ్లెవరు? ఆ ప్రశ్న ముందు ఇంకే సాకూ నిలవలేదు. ఆదివారం పొద్దున్నే వాకిట్లో గోనెపట్ట పరిచింది.

మునినారాయణప్ప స్టూలు మీద కూర్చున్నాడు. బండి స్టార్టు చేసి, పొడుగు స్క్రూడ్రైవరు మొన ఇంజనుకు ఆనించి, పిడి చెవి ముందు ఎముకకు పెట్టుకోమన్నాడు. డాక్టరు గొట్టం లాంటిదే. పైమూత మీద పెడితే టికటిక, అది మామూలే. క్లచ్చు వైపు ఏమీ లేదు. ఎడమ పక్క సిలిండరు మీద పెట్టగానే తలలో ఎవరో గొలుసు విదిలించినట్టయింది. ఆమె చటుక్కున తీసేసింది.

"ఇట్ల ఇయ్యి, నేనూ వింటా" అంది పిల్లమ్మ. గోడ పట్టుకుని ఎప్పుడు వచ్చిందో, వెనకే నిలబడి ఉంది.

అంబిక పక్కకు జరిగి చోటిచ్చింది. అత్త చేతిని పట్టుకుని మొన సరైన చోట పెట్టింది. పిల్లమ్మ కణతకు పిడి ఆనించుకుని, కళ్లు మూసుకుని, చాలాసేపు విన్నది. పెదవులు కదిలాయి.

"లోపల ఎవరో తలుపు కొడతా ఉండారు" అంది.

మునినారాయణప్ప తల దించుకున్నాడు. అంబిక తాళం తిప్పి ఇంజను ఆపింది.

చల్లారాక విప్పింది. పాత టెన్షనరు స్ప్రింగు నీరసించి పోయింది. చైను ఆనుకునే రబ్బరు పట్టీ అరిగి, లోపలి గోడ మీద గీతలు పడ్డాయి. పాత చైను చేతిలో వానపాములా వాలింది. మునినారాయణప్ప గుర్తుకి గుర్తు కలపమని చెబుతుంటే, ఆమె కొత్త చైను వేసి, పట్టీ మార్చి, బోల్టులు బిగించింది. మధ్యాహ్నానికి పనైపోయింది. స్టార్టు చేస్తే బండి మెత్తగా గొణిగింది. ఎవరిదో బండి. దర్శన్ బండి కాదు.

"ఆగిపోయిందా?" అడిగింది పిల్లమ్మ గుమ్మంలోంచి.

"లేదత్తా. ఆడతా ఉండాది."

పిల్లమ్మ వచ్చి సీటు మీద చెయ్యి పెట్టి చూసింది. వణుకు చేతికి తెలిసింది కాబోలు, తలాడించి లోపలికి పోయింది. మంచి పని చేశానన్న సంతోషం అంబికకు రవ్వంత కూడా కలగలేదు. చంపినట్టుగా అనిపించింది.

సోమవారం సాయంత్రం మలుపు తిరిగింది. గోడలు ఏమీ తిరిగి చెప్పలేదు. హ్యాండిల్ మీద చేతులు తనవే. కుక్క తల కూడా ఎత్తలేదు. కిటికీలోంచి ఏ మాటా రాలేదు. అంబిక బండి ఆపి, దొంగలా లోపలికి అడుగుపెట్టింది. వంటింట్లో ఎసరు సగానికి పైగా ఇగిరిపోయింది. పిల్లమ్మ పిండి పళ్లెం ఒళ్లో పెట్టుకుని, వీధి వైపు చెవి ఒగ్గి కూర్చుని ఉంది.

"ఎవరు?" అంది ఉలిక్కిపడి.

"నేనే అత్తా."

"బండి రాలేదు కదా."

"వచ్చినాదత్తా. బాగు చేసినాము కదా. ఇంక సద్దు ఉండదు."

పిల్లమ్మ పిండి పళ్లెం పక్కన పెట్టింది. అంబిక ఇంకో అడుగు దగ్గరికి వేసింది. చెప్పక తప్పదు. ఇన్నాళ్లూ ఎవరితోనూ అనని, తనలో తానైనా అనుకోని మాట.

"ఆయన రాడత్తా. ఇంక రాడు."

"నాకు తెలీదా?" అంది పిల్లమ్మ మెల్లగా. "నా చేతుల్తోనే కదా వానికి కడపటి స్నానం పోసింది."

అంబిక అక్కడే కింద కూర్చుండిపోయింది. "మరి రోజూ వచ్చినాడు, వచ్చినాడు అంటివి?"

"ఆ మొదటి పొద్దు నోరు జారినాను. నువ్వు బండి ఆపి, దిగకుండా అట్లే కూచోనుంటివి. నీకు ఆ మాట కావాలేమో అనుకొంటి. నువ్వు రోజూ వాణ్ని ఇంటికి తోలుకొస్తా ఉంటే, వాడు రాలేదని నేనెట్ల చెప్పేదమ్మా?"

"నిన్న తలుపు కొడతా ఉండారంటివి."

"ఇనుముకు ఇనుము కొట్టుకునే సద్దు నాకు తెలియకనా? నీ మొగం నాకు కనపడదు. అట్లంటే నువ్వేమంటావో విందామని అంటి. నువ్వు ఇంజను ఆపేస్తివి. పోనీలే, మేలే చేసినావు."

ఆమె తడుముకుంటూ అంబిక తల దగ్గరికి లాక్కుంది. ఇద్దరూ ఏడవలేదు. పొయ్యి మీద గిన్నె మాడు వాసన వస్తుంటే పిల్లమ్మే ముందు తేరుకుని, గిన్నెలో మళ్లీ నీళ్లు పోసింది.

"రేపట్నుంచి మలుపులో హారన్ కొట్టు. వాడు ఏనాడూ హారన్ కొట్టలా. కొడితే నువ్వని తెలుస్తాది. నీకు ముద్ద చేస్తా."

మంగళవారం సాయంత్రం మలుపు దగ్గర అంబిక బండి ఆపింది. హారన్ మీద వేలు పెట్టింది గానీ నొక్కలేకపోయింది. రెండేళ్లుగా రాని ఏడుపు అప్పుడు వచ్చింది. సందులో వాళ్లు చూస్తున్నారని కూడా పట్టించుకోకుండా, దర్శన్ కోసం నోరారా ఏడ్చింది. ఏడ్చి, మొహం తుడుచుకుని, హారన్ కొట్టింది.