ముందు లేచింది నడుమే

మా సైన్సు మాస్టారు పోయారు. బందరు నుంచి వచ్చిన నా చిన్ననాటి క్లాస్‌మేట్ ఆ కబురు చెప్పేసరికి, గుడివాడలో మా డాబా మీద వడియాలు పెడుతున్నాను. చేతికంటిన పిండితో అలాగే కూలబడ్డాను. ఆయన మీద పుష్కరకాలం కోపం పెట్టుకున్నదాన్ని. అంత ఏడుపు ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకే తెలియలేదు.

మీలో ఆయన దగ్గర చదువుకున్నవాళ్లుంటే ఈపాటికి నవ్వుకుంటూ ఉంటారు. మనిషి ఒళ్లంతా ఆయనకు పాఠమే. కొట్టాయన ఆవలిస్తే జ్ఞానదంతం వచ్చిందో లేదో తొంగి చూసేవారు. "దవడ చిన్నదైపోయిందని పాపం ఆ పంటికింకా కబురందలేదండీ" అనేవారు. మసీదులో నమాజుకు ముందు కాళ్లూ చేతులూ కడుక్కుని, వజూ చేసుకుని వచ్చేవాళ్ల తడి అడుగులు ఆరిపోయేలోగా, బొటనవేలు ఎలా పడింది, మధ్యలో ఖాళీ ఎంతుంది అని వంగి చూసేవారు. జనం ఆయన్ని తప్పించుకుని నడిచేవాళ్లు.

ఎస్సెల్సీలో ఒకరోజు అడిగారు: "మన పూర్వీకుల్లో ముందు మార్పొచ్చింది దేనికి? బుర్రకా, నడుముకా?"

"నడుముకేనండీ. ముందు నిటారుగా నిలబడి ఉంటారు" అన్నాను లేచి.

మాస్టారు నవ్వారు. "బుర్ర పెరక్కుండా నిలబడి ఏం చేస్తారమ్మా, బస్సు కోసం చూస్తారా?"

క్లాసంతా ఘొల్లుమంది. ఆయన చదువుకున్న పుస్తకాల్లో అలాగే ఉంది మరి. కానీ ఆ తర్వాత నలుగురిలో నోరు తెరిచి నేను ఒక్క ప్రశ్న అడగలేదు. కాలేజీలోనూ అడగలేదు, అత్తవారింట్లోనూ అడగలేదు.

దివిసీమ ఉప్పెన వచ్చిన రెండో ఏడు, ఓ మధ్యాహ్నం మాస్టారు గొడుగుతో మా గుమ్మంలో నిలబడ్డారు. కాఫీ అందుకోకుండానే జేబులోంచి పేపరు ముక్క తీశారు.

"ఆఫ్రికాలో అగ్నిపర్వతం బూడిదలో అడుగులు దొరికాయంట తల్లీ. ముప్పై లక్షల ఏళ్ల పైమాటే. అచ్చం మన పాదాలే. ఆ కాలపు ఎముకల్ని బట్టి బుర్ర మాత్రం ఇంతేనంట" అని పిడికిలి చూపించారు. "నువ్వు చెప్పిందే కరెక్టు. నేను నవ్వాను."

"అప్పుడేదో ఊరికే అన్నానండీ."

"నువ్వు ఊరికే అన్నావేమో. నేను ఊరికే నవ్వలేదమ్మా, నాకంతా తెలుసనుకుని నవ్వాను. ఇప్పుడు చెప్పు, నీకలా ఎందుకు తోచింది?"

ఇన్నేళ్లలో ఆ మాట నన్నెవరూ అడగలేదు. మా అమ్మ మా చిన్న తమ్ముణ్ణి చంకనేసుకుని, రెండో చేత్తో బకెట్టు పట్టుకుని రావడం చూసి తోచిందని చెప్పాను. నాలుగు కాళ్ల మీదైతే పిల్లాణ్ణి ఎలా మోస్తుంది? మాస్టారు కళ్లజోడు సవరించుకుని అదంతా చిన్న పుస్తకంలో రాసుకున్నారు.

"అసలెందుకు లేచారో ఇంకా ఎవరికీ సరిగ్గా తెలీదు. నీ మాట కూడా ఉండనీ" అన్నారు.

ఆ సాయంత్రం నాకు పట్టలేనంత గర్వంగా అనిపించింది. మావారికి ఆ సంగతి రెండుసార్లు చెప్పాను.

మొన్న నేను బందరు చేరేసరికి ఖననం అయిపోయింది. ఇంటినిండా జనం. మాస్టారి బల్ల మీద ఓ పెద్ద అట్ట ఉంది. కోతి దగ్గర్నుంచి మనిషి దాకా ఒకరి వెనక ఒకరు నడిచే పాత పటాన్ని కత్తెరతో ముక్కలు చేసి, ఆ అట్ట మీద కొమ్మలు కొమ్మలుగా అతికించారు.

"వాళ్లు వరసగా ఒకరి తర్వాత ఒకరు రాలేదంటమ్మా. రెండు మూడు రకాలు ఒకే కాలంలో బతికారంట. ఆయనకు చివరి పది రోజులూ ఇదే పని" అన్నారు మాస్టారి భార్య, కళ్లు తుడుచుకుంటూ.

గిన్నెలో మైదా జిగురు ఎండిపోయింది. ఒక్క బొమ్మ ఏ కొమ్మకూ అతక్కుండా పక్కన మిగిలి ఉంది. దాన్ని చేతిలోకి తీసుకుని, అంతమంది మధ్యలో, పైకే అడిగేశాను.

"మరి వీళ్లు ఏ కొమ్మలోంచి వచ్చారండీ?"

తలలన్నీ నావైపు తిరిగాయి. ఆవిడ కుర్చీ దగ్గరకు లాక్కుని, నాతోపాటు ఆ అట్ట మీదికి వంగారు.