తిరగబడ్డ ముల్లు

ఆపరేషన్ గది నుంచి పేగుముక్క వచ్చిందంటే ఆ పరిశోధకురాలు అన్నం డబ్బా మూత తీసి, తినడం మరిచి, సాయంత్రం మళ్లీ మూత పెట్టేస్తుంది. పెద్దపేగు క్యాన్సర్‌లో పేగు కణాల గోడను ఉప్పు దాటే తీరు ఎలా చెడుతుందన్నదే ఆవిడ పదహారేళ్ల గొడవ. ముక్క బతికుండేది నాలుగు గంటలే. తపాలాబిళ్లంత ముక్కను రెండు చిన్న గాజు గదుల మధ్య బిగించి, ఉప్పు ఎటు దాటుతోందో చూపే మీటరు ముల్లు కదిలేదాకా "రా తల్లీ, రా" అని బుజ్జగిస్తుంది.

ఎప్పుడూ కుడికి పోయే ముల్లు ఆ రోజు ఎడమకు పోయింది. "ఉప్పు ఎదురు నడుస్తోందర్రా! ఇలాంటిది ఎవరూ చూసుండరు!" అంటూ డైరెక్టరుకు చెప్పడానికి ఫోన్ అందుకుంది. శిష్యులు ఈలలు వేశారు. గాజుసామాను కడిగే పెద్దావిడ మాత్రం ఎగాదిగా చూసి, "కోటు తిరగేసి తొడుక్కున్నారేంటి డాక్టరమ్మా, జేబులు లోపలికి పోయాయి," అంది. పరిశోధకురాలు జేబు తడుముకుంది. ఉలిక్కిపడి గాజు గదుల్లోకి వంగి చూసింది. పేగు లోపలివైపు ఉండాల్సిన చోట బయటివైపు ఉంది! ఫోన్ పెట్టేసి, కళ్లనీళ్లు వచ్చేలా నవ్వి, ముక్కను తిప్పి బిగించింది. ముల్లు బుద్ధిగా కుడికి నడిచింది. నోటుపుస్తకంలో "ముక్క తిరగేసింది నేనే" అని రాసి సంతకం పెట్టింది.

కోటు మాత్రం సాయంత్రం దాకా అలాగే ఉంది.