కదలకుండా నిలబడటం

నా వెన్ను పక్కకు వంగిందని మొదట కనిపెట్టింది మా అవ్వ. తలంటి పోసి వీపు రుద్దుతూ ఆగిపోయింది. కుడి రెక్క ఎముక ఎడమదానికంటే పైకి పొడుచుకొచ్చిందట. ఆ రోజు నుంచి మా ఇంట్లో నా వీపు తప్ప వేరే మాట లేదు. అప్పుడు నాకు పదకొండేళ్లు. పలమనేరు దగ్గర పల్లె మాది, పాడి మీద బతికే ఇల్లు. తొంభైలు ముగుస్తున్న రోజులు.

తిరుపతి ఆసుపత్రిలో ఎముకల డాక్టరు ఎక్స్‌రే చూసి, ఛాతీ చుట్టూ బిగించే ప్లాస్టిక్ బెల్టు రాశాడు. వంపు ఆగితే సరే. ఆగకపోయినా, నిలబడినప్పుడు తూలడం ఎక్కువైనా మద్రాసుకు పంపి ఆపరేషన్ చేయించాలన్నాడు. వెన్ను పక్కన కమ్మీలు బిగిస్తారట. కాళ్లు పడిపోయే ప్రమాదం ఉందా అని నాయన గొంతు తగ్గించి అడిగాడు. చాలా అరుదు అన్నాడు డాక్టరు. నాయనకు ఆ ‘అరుదు’ వినపడింది, కాస్త తేరుకున్నాడు. నాకు మాత్రం కాళ్లే వినపడ్డాయి.

తూలడం కొలిచే గది వేరే ఉండేది. అక్కడ డాక్టరు కాని ఒక సారు. ఇంజనీరింగ్ చదివి, పిల్లలు ఎలా నిలబడతారన్నదాని మీదే పరిశోధన చేస్తున్నాడు. నేల మీద ఒక ఇనుప పలక. ఉత్త కాళ్లతో దాని మీద నిలబడాలి, ఒకసారి కళ్లు తెరిచి, ఒకసారి మూసి. పాదాల కింద బరువు ఎటు జరిగితే కంప్యూటర్ తెర మీద గీత అటు జరుగుతుంది. నేను కదలకుండానే నిలబడ్డాననుకున్నాను. చూస్తే తెర మీద చిక్కుపడ్డ దారం ఉండ. ఉండ చిన్నదే, మంచిదే అన్నాడు ఆయన. నేను నమ్మలేదని చీపురుకట్ట తెచ్చి అరచేతిలో నిలువుగా నిలబెట్టి చూపించాడు. అది పడకుండా ఉండాలంటే కింద చెయ్యి అటూ ఇటూ ఆడుతూనే ఉండాలి. మనిషీ అంతే, క్షణక్షణం పడబోతూ ఆపుకుంటూ ఉంటాడు, ఆ లెక్కే కంప్యూటర్లో కడుతున్నానన్నాడు. పాపం, ధైర్యం చెబుదామనే చెప్పాడు. ఆ రోజు నుంచి నిలబడటం నాకు పెద్ద పనైపోయింది. బడి ప్రార్థనలో, బస్సు కోసం చూసేటప్పుడు, పడబోతున్నానా, ఆపుకుంటున్నానా అని నన్ను నేనే కాపలా కాసుకునేదాన్ని.

వానలు తగ్గాక మళ్లీ కొలతకు రమ్మన్నారు. ఆ ముందురోజే మమ్మల్ని బయల్దేరదీసింది అవ్వ. పని జరిగాక మొక్కు తీర్చుకోవడం అందరూ చేసేదే. మా అవ్వ తీరు వేరు. ముందే తీర్చేస్తే దేవుడు మొహమాటపడి పని చేసిపెడతాడని ఆమె నమ్మకం. మనవరాలిని మెట్లదారిలో నడిపించి కొండెక్కిస్తానని మొక్కుకుంది. నాయన కాదనలేదు. నేనూ కాదనలేదు, అందరికంటే నాకే ఆశ ఎక్కువ. గాలిగోపురం దాకా బాగానే ఎక్కాను. మోకాళ్ల మెట్టు దగ్గర నడుము పట్టేసింది. కూర్చుంటే మొక్కు చెడుతుందేమోనని పళ్లు బిగించుకుని పైకి చేరాను. దర్శనం చేసుకుని బస్సులో దిగి సత్రంలో పడుకున్నాం.

పొద్దున పలక ఎక్కి కళ్లు మూసుకోగానే నేల జారిపోతున్నట్టనిపించింది. సారు మళ్లీ నిలబడమన్నాడు. ఈసారి ఇంకా అధ్వానం. గీత తెరంతా పాకింది.

మొహంలో భావం దాచుకోవడం చేతకాని మనిషి ఆయన. నాయనను పక్కకు పిలిచాడు గానీ గది చిన్నది, అన్నీ వినపడ్డాయి. ఇది చూస్తే డాక్టరు మద్రాసుకే రాస్తాడన్నాడు. జ్వరమేమైనా వచ్చిందా, నిన్నా మొన్నా అలసిపోయే పనేదైనా చేసిందా అని అడిగాడు.

“లేదు సార్. బిడ్డకు ఏ పనీ చెప్పము. బిందె గూడా ఎత్తనీము,” అన్నాడు నాయన.

ఆయన అబద్ధమాడలేదు. మా ఇళ్లలో కొండెక్కడం పని కిందికి రాదు. గడ్డి కోయడం పని, నీళ్లు మోయడం పని. కొండకు నడిచేది కూడా ఈ కాళ్లేనని మాకు తట్టదు. నాకూ తట్టలేదు. నేను అప్పటికే మనసులో మద్రాసు వెళ్లిపోయి, కాళ్లు చచ్చుబడి మంచం మీద ఉన్నాను.

తట్టింది అవ్వకే. నాకు చెప్పులు తొడగడానికి వంగి పిక్క పట్టుకుంది. అది ఆమె చేతిలో అదురుతోంది. పాలు విరిగినా బర్రెదే తప్పనే మనిషి మా అవ్వ.

“సారూ, నిన్న బిడ్డను కొండకు నడిపించినాను. కిందనుంచి పైదాకా. మొక్కు నాది, బిడ్డది కాదు,” అంది సారుతో.

ఆయన కోప్పడలేదు. అలసిన కాళ్లతో తీసిన కొలత పనికిరాదని, బాగా విశ్రాంతి ఇచ్చి తీసుకురమ్మని, అప్పటిదాకా దీన్ని డాక్టరుకు చూపించనని చెప్పాడు.

ఇంటికొచ్చాక అవ్వ నన్ను మంచం దిగనివ్వలేదు. అన్నం మంచం దగ్గరికే. అది అలసటేనా, లేక నిజంగానే ముదిరిందా? అందరి మనసులో అదే, ఎవరి నోటా రాలేదు. అవ్వ మాట్లాడటం తగ్గించింది. ఆమె తిట్లు లేని ఇంట్లో నాకు ఇంకా భయమేసింది.

మళ్లీ తిరుపతి, మళ్లీ పలక. కళ్లు తెరిచి నిలబడటం అయింది. మూసుకోమన్నాడు. మూసుకున్నాను గానీ నేల మళ్లీ జారుతుందేమోనని ఒక్క క్షణం తెరిచేశాను. గోడ దగ్గర అవ్వ, చెప్పులు విడిచి, పాదాలు దగ్గర చేర్చి, కళ్లు గట్టిగా మూసుకుని నిలబడి ఉంది. తూలుతోంది. సారు కసురుకోకుండా మళ్లీ మొదలుపెట్టాడు. ఈసారి తెరవలేదు.

గీత ఉండలా చుట్టుకుంది. మొదటిసారి కంటే కాస్త పెద్దదేనట, అయినా దీనికి డాక్టరు ఆపరేషన్ రాయడని, బెల్టు మాత్రం విప్పొద్దని చెప్పాడు సారు. నాయన కుర్చీలో కూలబడి తువ్వాలుతో మొహం కప్పుకున్నాడు. అవ్వ ఇంకా అలాగే నిలబడి ఉంది. దగ్గరికి పోయి చెయ్యి పట్టుకున్నాను.

“అయిపాయనా?” అంది.

“అయిపాయ అవ్వా. మద్రాసుకు పోయే పని లేదంట.”

కళ్లు తెరవకుండానే పైకి లేచిన నా కుడి భుజం వెతుక్కుని, దాని మీద బరువంతా మోపి ఏడ్చేసింది. నేను పాదాలు ఎడంగా పెట్టుకున్నాను. ఆమె ఏడ్చి ముగించేదాకా అలాగే నిలబడ్డాను, పడతానేమోనన్న ఆలోచన ఒక్కసారి కూడా రాలేదు.